మండితే చెప్పండి

మా అమ్మకీ అత్తకీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. తెలియని వాళ్ళకి ఆ తెర చూస్తే తెలిసిపోతుంది. మా ఇంటి ముందుగదే మా బ్యూటీ పార్లర్. అందులో రెండు కుర్చీలు, రెండు అద్దాలు, మధ్యలో నేల దాకా వేలాడే నీలం తెర. తెరకి ఇటు అమ్మ, అటు అత్త. అత్త అంటే మా నాన్న చెల్లెలు. దుకాణం ఇద్దరూ కలిసే పెట్టారు. అప్పట్లో ఇద్దరిదీ ఒకటే మాట. ముఖం మీది చచ్చిన చర్మం తీయాలి, కానీ గీరుకుపోకూడదు, మండకూడదు. మొరటు చేతులకి మా దగ్గర చోటు లేదని చెప్పుకుని బోర్డు మీద ‘నొప్పి లేని నునుపు’ అని రాయించారు. ఆ నునుపు దగ్గరే ఇద్దరికీ చెడింది.

అమ్మది చేతి పద్ధతి. ఓట్స్‌ని వేళ్ళ మధ్య నలిపితే తగలనంత మెత్తగా పొడి కొట్టి, జల్లెడ పట్టి, గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, వేలికొసలతో ముఖం మీద సున్నాలు చుడుతుంది. తర్వాత తడిపిన నూలుగుడ్డతో అద్ది తీస్తుంది. తుడవదు, అద్దుతుంది. ఆ తేడా తెలియని వాళ్ళని ఆమె మనుషుల్లో లెక్కెయ్యదు. అత్తది సీసా పద్ధతి. కోర్సు చదివింది, సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి తన అద్దం పైన తగిలించింది. రుద్దడమంటేనే ఆమెకి చిరాకు. పాలు పులిస్తే పుట్టే రకం పలచటి ఆమ్లాన్ని దూదికి అద్ది ముఖానికి పులిమితే చచ్చిన చర్మం దానంతటదే వదులై వచ్చేస్తుంది, చెయ్యి నొప్పి ఎందుకూ అంటుంది.

ఒకరోజు అమ్మ ఎవరికో ముఖం చేస్తుంటే అత్త పక్కన నిలబడి, “అంట్లు తోముతున్నావా వదినా?” అంది నవ్వుతూ.

అమ్మ నవ్వలేదు. “నయం, నీలాగా బాత్రూమ్ కడిగే యాసిడ్ తెచ్చి మనుషుల మొహాన పొయ్యట్లేదు” అంది.

కుర్చీలో ఉన్నావిడ ముఖానికి పిండితోనే లేచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే తెర వచ్చింది.

అప్పటి నుంచి ఇద్దరి మధ్యా టపా నేనే. “మీ అత్తకి చెప్పు, తువ్వాళ్ళు ఆరెయ్యడానికి నేనేం పనిమనిషిని కానని.” “మీ అమ్మకి చెప్పు కోడలా, ఆవిరి మిషన్‌లో నీళ్ళయిపోతే పోసి చావమని.” నేను ఆ చావమనడం ఒక్కటీ తీసేసి మిగతాది చేరవేసేదాన్ని. నాన్న గోడ మీద పిల్లి. ఆయనకి భార్యా కావాలి, చెల్లెలూ కావాలి, అన్నిటికన్నా ముందు పేపరు కావాలి. ఎవరైనా తీర్పు అడిగితే, “నాకేం తెలుసమ్మా, మొహం గురించి నాకు తెలిసింది గడ్డం గీసుకోవడమే” అని పేజీ తిప్పేవాడు.

ఇంత చెప్పింది ఎందుకంటే, వాళ్ళిద్దరి మధ్యా నా ముఖం ఎలా నలిగిందో అర్థం కావాలని.

నాకు మంచి గొంతు ఉంది. గొప్పలు పోవడం కాదు, ఉన్న మాట. ఒక వార్తల చానెల్‌లో చదివేవాళ్ళు కావాలంటే ఫొటో పెట్టి దరఖాస్తు చేశాను. పిలిచి గాజు గదిలో కూర్చోబెట్టి చదివించారు. బయటికొచ్చేసరికి న్యూస్ ఎడిటర్ నవ్వుతూ ఎదురొచ్చింది. కళ్ళజోడు తలమీదకి తోసుకుని తిరిగే మనిషి. “గొంతు విషయంలో ఇంక మాట్లాడుకునేది లేదు. కెమెరా ముందు కూర్చోబెట్టి ఒకసారి చూడాలి, వచ్చే నెల పిలుస్తాం. బుగ్గల మీద కొద్దిగా గరుకుంది, పర్లేదులే, మేకప్‌లో పోతుంది” అంది.

ఆ ఉద్యోగం నాకెంత కావాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను ఆ ముందుగదిలో తడి తువ్వాళ్ళు మడతపెడుతూ, వాళ్ళ మాటలు వీళ్ళకి, వీళ్ళ మాటలు వాళ్ళకి మోస్తూ పెరిగాను. నేను నోరు తెరిస్తే అది ఎప్పుడూ ఇంకొకరి మాటే. వార్తలూ ఇంకొకరు రాసేవే, నిజమే. కానీ చదువుతున్నంతసేపూ ఎవరూ మధ్యలో నోరు మూయించరు. అందరూ వింటారు. నాకు అది చాలు.

ఇంటికొచ్చి జరిగినదంతా పొంగిపోతూ చెప్పేశాను. గరుకు అన్న మాట వాళ్ళ చెవిన పడింది. పర్లేదు అన్న మాట మాత్రం గాలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే, అత్త ఇంకా స్నానంలో ఉండగా, అమ్మ నన్ను వంటింట్లోకి లాగి స్టూలు మీద కూర్చోబెట్టింది. గిన్నెలో పిండి కలిపి ఉంది. “మాట్లాడకు. ఈ నెల్లాళ్ళూ నీ మొహం నాది. అద్దంలా చేసి పంపిస్తా. మీ అత్తకి మాత్రం చెప్పకు, దిష్టి కళ్ళు దానివి” అంది.

అమ్మ వేళ్ళు నా బుగ్గల మీద తిరుగుతుంటే నాకు కళ్ళు మూతలు పడ్డాయి. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ ముఖాలు ఆ వేళ్ళకి కంఠతా వచ్చు. నా ముఖం మీదకి మాత్రం అవి జ్వరం వచ్చినప్పుడు తప్ప ఎప్పుడూ రాలేదు. పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా వచ్చినవాళ్ళని ముట్టుకుని ముట్టుకుని, వంటింట్లోకి వచ్చేసరికి ఆమెకి ఇంకెవరినీ ముట్టుకునే ఓపిక ఉండేది కాదు. అందుకని ఆ స్టూలు మీద నేను పసిపిల్లలా కూర్చున్నాను. చాలమ్మా అని ఎలా అంటాను?

సాయంత్రం అమ్మ కూరగాయలకి వెళ్ళగానే అత్త తెర పక్కకి తీసి చిటికె వేసింది. “రావే కోడలా. నువ్వు టీవీలో కనపడితే నా మేనకోడలని చెప్పుకోవద్దూ? పిల్లల చర్మానికి కూడా పనికొచ్చేంత పలచగా కలిపాను. మీ అమ్మకి చెప్పకు. తెలిసిందంటే నన్ను బతకనివ్వదు.” దూదితో నుదురూ బుగ్గలూ గడ్డమూ అద్దుతూ, తను కోర్సు చదివేటప్పుడు మేడమ్ కనుబొమ్మ సగం ఎగరగొట్టిన కథ చెప్పింది. ఇద్దరం కడుపుబ్బ నవ్వాం. అత్తతో నవ్వడం కూడా నాకు ఇష్టమే. ఆ నవ్వు మధ్యలో, పొద్దున అమ్మ చేసింది అని చెబితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. తెర స్థానంలో గోడ లేస్తుంది.

పొద్దున అమ్మ, సాయంత్రం అత్త. ఇద్దరిదీ మెత్తటి చెయ్యే. ఇద్దరిలో ఎవరు చేసింది విడిగా చూసినా తప్పు పట్టడానికి లేదు. ఒకరు తీసిన చోటే ఇంకొకరు మళ్ళీ తీస్తున్నారని మాత్రం ఆ ఇద్దరికీ తెలియదు.

కొన్నాళ్ళకి నా ముఖం మెరవడం మొదలుపెట్టింది. చర్మం బిగుసుకుపోయి, దీపం వెలుగు పడితే గాజులా తళతళలాడింది. ఇప్పుడు తెలుసు నాకు, అది మెరుపు కాదు. పైన కాపాడే పొర పోయి, లోపలి చర్మం బిగుసుకుని బయటపడితే అలాగే మెరుస్తుంది. ముఖాలతోనే పొద్దు గడిపే ఆ ఇద్దరికీ ఆ సంగతి తెలియకపోలేదు. బయటివాళ్ళ ముఖమైతే చూడగానే ఆపేసేవాళ్ళు. కానీ అది నా ముఖం, పైగా గెలుపోటముల వ్యవహారం. అమ్మ నా గడ్డం పట్టి కిటికీ వైపు తిప్పి, “చూశావా నా పిండి మహిమ!” అంది. అదే సాయంత్రం అత్త అద్దం ముందు నన్ను నిలబెట్టి, “చదువుకున్న చెయ్యి కోడలా ఇది” అంది. ఎవరి గెలుపు వాళ్ళదే. గెలుస్తున్నామని తెలిశాక ఎవరైనా ఆపుతారా? అమ్మ నూలుగుడ్డ మానేసి మెత్తటి బ్రష్ తెచ్చింది. అత్త సీసాలో మందు కాస్త చిక్కబడింది.

నేను చెప్పాను. చెప్పలేదని ఎవరూ అనడానికి లేదు.

“అమ్మా, మొహం కడుక్కుంటే నీళ్ళకే మండుతోందే.”

అమ్మ నా ముఖానికి రాసే పిండిని తన ముంజేతికి రాసుకుని చూసింది. రుద్దుకుంది కూడా. “నాకేం మండట్లేదే! నీకన్నీ నాజూకు వేషాలు.” ఆ చెయ్యి ఏళ్ళ తరబడి బ్లీచింగుల్లో, సబ్బు నీళ్ళలో నాని మొద్దుబారిపోయింది. ఆ చేతి మీద నిప్పు పెట్టినా ఒక క్షణం ఆలోచించి గానీ తీయదు. ఆ చేత్తోనే ఆమె అందరి మంటలూ కొలుస్తుంది.

అత్తకీ చెప్పాను. “మండితేనే కదే పని చేస్తున్నట్టు. నీ వయసులో మేమైతే నిమ్మకాయ పిండుకునేవాళ్ళం” అంది. నొప్పి లేని నునుపు అని బోర్డు రాయించిన మనుషులు ఇద్దరూ.

కెమెరా పరీక్ష సోమవారం. ఆదివారం పొద్దున అమ్మ, “ఆఖరిసారి, మెరుపు నిలబడాలి” అని బ్రష్‌తో చేసింది. సాయంత్రం అత్త, “ఆఖరిసారి, ఫినిషింగ్” అని దూది అద్దింది. దూది తగలగానే నా నోట్లోంచి అరుపు వచ్చింది. “ష్, మీ అమ్మ వింటుంది” అని అత్త నా నోటి మీద చెయ్యి పెట్టింది.

సోమవారం లేచేసరికి బుగ్గలు రెండూ ఎర్రగా ఉబ్బి, చర్మం పొరలు పొరలుగా లేచి, కింద తడి తడిగా రసి కారుతోంది. అది దిండు గలీబుకీ అంటుకుని ఉంది. నేను అరవలేదు. అద్దంలో చూసుకుంటూ నిలబడ్డాను. అరిచింది అమ్మ. ఆ కేకకి అత్త పరుగెత్తుకొచ్చింది. తెర కట్టుకున్నాక మొదటిసారి ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి నేరుగా మాట్లాడుకున్నారు.

“నువ్వేం రాశావే దీనికి?”

“నేనేం రాస్తాను, పలచటి మందు. నువ్వేం చేశావు?”

“మందా? మందు రాశావా? రోజూనా?”

“నువ్వు రోజూ రుద్దావా? రుద్దిన మొహానికా నేను మందు పెట్టింది? ఎవరైనా చెప్పాలి కదా వదినా!”

“నీకెందుకు చెప్పాలి? నా కూతురు అది!”

“నాకేం కాదా?”

ఇద్దరూ నా ముఖానికి అటూ ఇటూ నిలబడి అరుచుకుంటున్నారు. నేను మధ్యలో కళ్ళల్లోంచి నీళ్ళు కారకుండా తల వెనక్కి వాల్చుకుని నిలబడ్డాను. కన్నీళ్ళు బుగ్గ మీదకి జారితే పుండు మీద కారం చల్లినట్టే ఉంటోంది. నాన్న పేపరు పట్టుకుని వచ్చాడు. ఏం చేయాలో తెలియక ఆ పేపరుతోనే నాకు విసరడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో ఆ రోజు నాకు పనికొచ్చిన పని అదొక్కటే.

చర్మం డాక్టరు దగ్గరికి ఇద్దరూ నాకు చెరో పక్కా కూర్చుని వచ్చారు. డాక్టరమ్మ దీపం దగ్గరగా లాగి చూసి, ఏం వాడారని అడిగింది.

“ఓట్స్ పిండండీ. పసిపిల్లలకి కూడా వాడొచ్చు. మెత్తటిది” అంది అమ్మ.

“చాలా పలచటి ఆమ్లం మేడమ్. మైల్డ్” అంది అత్త.

“రెండూ మెత్తటివే. ఏదో ఒకటి, వారానికోసారి, మండగానే ఆపేసి ఉంటే ఈ అమ్మాయికి మంచే జరిగేది” అంది డాక్టరమ్మ. “మీరు చచ్చిన చర్మం ఎప్పుడో తీసేశారు. ఆ తర్వాత తీసిందంతా బతికున్నది.” తర్వాత నా వైపు తిరిగి, “నీకు మండలేదా?” అంది.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నేల చూపులు చూసింది.

“మండింది” అన్నాను.

“మరి చెప్పొద్దూ?”

డాక్టరమ్మ ఒక లేపనం రాసిచ్చి, చర్మం మానేదాకా ముఖాన్ని ఆ లేపనం, చల్లటి నీళ్ళు తప్ప ఇంకేదీ, ఎవరి చెయ్యీ తాకకూడదని గట్టిగా చెప్పింది. మానుతోందో లేదో చూసుకోవడానికి ఫొటోలు తీసి ఉంచుకోమంది. ఆ ఫొటోలు అత్త తన ఫోన్లో తీసింది, దగ్గరగా, మంచి వెలుతురులో. వెలుతురు సంగతి అత్తకి బాగా తెలుసు.

చానెల్‌కి ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదన్నాను. ఎడిటర్ మంచిగానే మాట్లాడింది. తగ్గాక రమ్మంది. తగ్గాక వెళ్ళేసరికి ఆ కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. నోరు తిరగక తడబడుతూ చదువుతోంది, కానీ ముఖం నున్నగా ఉంది. నా బుగ్గల మీద మచ్చలు గోధుమ రంగుకి తిరిగి నిలిచిపోయాయి. ఎడిటర్ కళ్ళజోడు కిందికి దించుకుని నన్ను చూసి, “అయ్యో, ముందు బాగానే ఉండేది కదమ్మా” అంది. తిరిగి వస్తుంటే దారంతా ఆ ఒక్క మాటే మోగింది నాకు. బాగానే ఉండేది.

ఇంట్లో మాత్రం ఒక మేలు జరిగింది. అమ్మా అత్తా కలిసిపోయారు. నా ముఖం కాలితే తప్ప వాళ్ళ మధ్య తెర లేవలేదు. మొదట్లో నా గది గుమ్మం దగ్గర ఇద్దరూ కలిసి ఏడ్చారు, తర్వాత కలిసి టీ తాగారు, ఆ తర్వాత వ్యాపారం మాట్లాడుకున్నారు. నీలం తెర తీసి మడతపెట్టి నాకే ఇచ్చారు, ఎక్కడైనా దాచమని. ఇకనుంచి వచ్చినవాళ్ళ చర్మం చూసి పిండి కావాలో మందు కావాలో ఇద్దరూ కలిసి నిర్ణయిస్తారట. రెండూ ఒకే ముఖానికి వాడరట. సంతోషం. ఎవరి ముఖం మీద నేర్చుకున్నారో ఎవరూ అడగరు కాబట్టి ఇంకా సంతోషం.

మొన్న మధ్యాహ్నం మందుల షాపు నుంచి వస్తుంటే గుమ్మం పైన కొత్త బోర్డు కనిపించింది. నాన్న కింద నిలబడి నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. నన్ను చూడగానే నిచ్చెన మరింత గట్టిగా పట్టుకుని గోడ వైపు తిరిగాడు.

బోర్డు మీద రెండు ముఖాలు. ఎడమ వైపు ‘ముందు’. ఎర్రగా ఉబ్బి, తోలు లేచి, చూసేవాళ్ళకి ఒళ్ళు జలదరించేలా ఉంది. అత్త ఫోన్లో తీసిన ఫొటో. కళ్ళ మీద నల్ల పట్టీ వేశారు, ఎవరో తెలియకుండా. కుడి వైపు ‘తర్వాత’. అది నేను చానెల్‌కి దరఖాస్తుతో పంపిన ఫొటో. వీళ్ళిద్దరూ నన్ను ముట్టుకోక మునుపటి ముఖం. బుగ్గల మీద కాస్త గరుకుతో, నా పాటికి నేను నవ్వుతున్నాను.

నేను లోపలికి వెళ్ళాను. “అమ్మా, అది తారుమారుగా ఉంది.”

అమ్మ తువ్వాలు దులుపుతూ, “ఏది?” అంది. ఏదో తెలుసు ఆమెకి.

“ముందు ఉన్నది తర్వాతకి పెట్టారు.”

“రెండూ నువ్వే కదా. ఇందులో అబద్ధమేముంది?”

“నిజంగానే తర్వాత అలా అవుతావు కోడలా, కాస్త ఓపిక పట్టు” అంది అత్త. ఆ మాట ప్రేమగానే అంది. వాళ్ళు ఏది చేసినా ప్రేమగానే చేశారు. నా కడుపు మండేది అందుకే. పగవాళ్ళయితే నాలుగు తిట్టి చెయ్యి దులుపుకునేదాన్ని.

“తీసెయ్యండి” అన్నాను.

“దుకాణం నిలబడాలి కదమ్మలూ. నువ్వూ ఇంట్లోనే ఉన్నావాయె” అంది అమ్మ. నేను ఇంట్లో ఎందుకు ఉన్నానో ఆమెకి గుర్తున్నట్టు లేదు. ఇంకేమైనా అనేలోపు గుమ్మంలో ఎవరో ఆవిడ చెప్పులు విడుస్తూ, తలెత్తి బోర్డు చూస్తూ, “అబ్బ, ఎంత తేడా వచ్చిందండీ ఆ అమ్మాయికి! ఇద్దరూ ఒకరేనంటే నమ్మబుద్ధి కావట్లేదు” అంటూ లోపలికి వచ్చింది. వచ్చి నన్ను చూసింది. బోర్డు మీద నవ్వుతున్న అమ్మాయిని నాలో పోల్చుకోలేదు. జాలిగా తల ఊపి, “నువ్వూ చేయించుకోవడానికి వచ్చావా అమ్మా? మంచి పని చేశావు. వీళ్ళ చేతిలో పడితే మచ్చలన్నీ పోతాయి” అంది.

అత్త చప్పున అద్దం తుడవడంలో పడింది. నేను ఆవిడకి అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. అమ్మ నా చేతిలో తడి తువ్వాళ్ళ కట్ట పెట్టింది.

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. అమ్మ గోరువెచ్చటి నీళ్ళలో వేళ్ళు ముంచి, ఆవిడ బుగ్గ మీద పువ్వుని తాకినంత నెమ్మదిగా ఆనించి, ముఖం దగ్గరికి వంగి, నేను ఎన్నడూ వినని మెత్తటి గొంతుతో అంది.

“కొంచెం మండినా చెప్పండమ్మా. వెంటనే ఆపేస్తాను.”